పిల్లలు పాలు తాగారా?

ఆదివారం ఆఫీసు స్టాండప్ కాల్ ఉండదు. కానీ పొద్దున ఏడుంబావుకి మా ఫ్లాట్‌లో ఒక స్టాండప్ జరుగుతుంది. కిటికీ పక్కన చెక్క ట్రేలో ఐదు వాచీలు. ఒక్కోదాన్నీ తీసి చెవి దగ్గర పెట్టుకుంటాను. రెండిటికి గుండె ఆడుతుంటుంది, మూడు నిద్రలో ఉంటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కీ పట్టుకుని తిప్పుతూ పోతాను. మొత్తం ఐదు నిమిషాల పని. మా రూమ్మేట్ దీనికి ‘పాలు పట్టడం’ అని పేరు పెట్టాడు. నోట్లో బ్రష్ పెట్టుకునే అడుగుతాడు, “ఏరా, పిల్లలు తాగారా?”

ఆ మధ్య ఇక్కడే స్మార్ట్‌వాచ్ బ్యాటరీల గురించి రాస్తూ, నా దగ్గర కీ వాచీలు కూడా ఉన్నాయని ఒక్క ముక్క అన్నాను. అప్పట్నుంచి అవే ప్రశ్నలు. రోజూ కీ ఇవ్వాలా? ఎక్కువ తిప్పితే స్ప్రింగ్ తెగిపోతుందట కదా? ఆపేసి ఉంచితే పాడవుతాయా? సరే, తెలిసింది చెప్తాను. చివర్లో ఇంకో సంగతి కూడా ఉంది. అది చెప్పాలా వద్దా అని రెండు వారాలుగా ఆలోచిస్తున్నా.

ముందు పరిచయాలు. ఐదిట్లో పెద్దది మా తాతయ్య హెచ్‌ఎంటీ జనతా. తర్వాత ఆన్‌లైన్‌లో కొన్న హెచ్‌ఎంటీ పైలట్. మూడోది 1960ల మొదట్లో తయారైన ఒమేగా. మా మేనమామ కువైట్‌లో పాతికేళ్లు డ్రైవింగ్ చేసి తిరిగొచ్చేటప్పుడు అక్కడి పాత వాచీల కొట్లో కొన్నాడు, నేను బీటెక్ పాసైతే నా చేతికి పెట్టాడు. నాలుగోది సీగల్ 1963. చైనాలో తియాంజిన్‌లో చేసిన క్రోనోగ్రాఫ్. దాని లోపలి మిషన్‌కి మూలం వీనస్ 175 అనే స్విస్ డిజైన్, అది చేసే యంత్రాలతో సహా చైనా వాళ్లు కొనేసుకున్నారు. ఐదోది నోమోస్ టాంజెంటె. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర గ్లాస్‌హ్యూటె అనే చిన్న ఊరిది. రెండేళ్ల బోనస్ అందులో కూర్చుంది. ధర మా అమ్మకి ఇప్పటికీ తెలీదు. ఈ కాలమ్ చదవదన్న ధైర్యంతో రాస్తున్నా.

వీటిలో బ్యాటరీ ఉండదు. చేతి కదలికకి తిరిగే ఆటోమేటిక్ రోటర్ కూడా ఉండదు. అందుకే వాచీలని గిరగిరా తిప్పే వైండర్ డబ్బాలు వీటికి పనికిరావు. ఒకాయన ఆరువేలు పెట్టి డబ్బా కొని, కీ వాచీ అందులో పెట్టి, ‘పనిచేయట్లేదు బ్రో’ అని మెసేజ్ పెట్టాడు. వీటికి మనిషి వేళ్లే కావాలి. 1969 జులైలో చంద్రుడి మీద బజ్ ఆల్డ్రిన్ చేతికి ఉన్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ కూడా కీ వాచీయే. కీ ఇవ్వడం మర్చిపోతే అక్కడా ఆగిపోయేదే.

లోపల జరిగేది మన భాషలో చెప్తా. పలచటి ఉక్కు పట్టీ ఒకటి చిన్న డబ్బాలో చుట్టలా ఉంటుంది. అది మెయిన్‌స్ప్రింగ్. కీ తిప్పితే బిగుస్తుంది, విడివడుతూ పళ్లచక్రాలని తోస్తుంది. అడ్డం లేకపోతే మొత్తం బలం క్షణాల్లో ఖాళీ అయిపోతుంది. కాబట్టి మధ్యలో ఒక రేట్ లిమిటర్ ఉంది, దాని పేరు ఎస్కేప్‌మెంట్. ఒక్కో పన్నునీ ఆపి వదులుతుంది, ఆపి వదులుతుంది. మనకి వినపడే టిక్‌టిక్ ఆ చప్పుడే. ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. దాన్ని ప్రతిసారీ వెనక్కి లాగేది వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగ్. జనతాలో ఇది గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. రోజుకి 4,32,000. మన గుండె రోజుకి సుమారు లక్ష సార్లు. మన గుండెకి సర్వీసింగ్ ఉండదు కాబట్టి పోలిక ఇక్కడితో ఆపేద్దాం.

ఇంత కష్టపడి టైమ్ కరెక్టుగా చూపిస్తాయా అంటే, ఫోన్ అంత చూపించవు. అయినా నా బోటివాడికి నచ్చే లెక్క ఒకటుంది. రోజుకి 86,400 సెకన్లు. మన సర్వర్ల భాషలో ‘ఫోర్ నైన్స్’, అంటే 99.99 శాతం కావాలంటే, రోజుకి 8.64 సెకన్ల తేడా మాత్రమే రావాలి. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే సీఓఎస్‌సీ సంస్థ ఒప్పుకునేది రోజుకి సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్లు. అంటే విద్యుత్తు ముక్కలేని ఇనుప ముక్కలు ఫోర్ నైన్స్ కొడుతున్నాయి. మా టీమ్ పోయిన క్వార్టర్‌లో కొట్టలేదు. ఎందుకో అడక్కండి.

ఇక కీ సంగతి. ఎక్కువ తిప్పితే పాడవుతుందన్న భయం మా నాన్నకీ ఉంది, అందుకని సగంలోనే ఆపేసేవాడు. కీ వాచీలో స్ప్రింగ్ పూర్తిగా బిగుసుకున్నాక వేలికి గట్టిగా తగులుతుంది. అదే హద్దు. అక్కడిదాకా తిప్పి ఆపెయ్యాలి. అది దాటి బలవంతం చేస్తేనే ఏదో ఒకటి విరుగుతుంది. సగంలో ఆపడం వల్ల లాభమేమీ లేదు. పైగా స్ప్రింగ్ సడలేకొద్దీ బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గి టైమ్ తేడా వస్తుంది. రోజూ ఒకే వేళకి, పూర్తిగా, నిదానంగా. చేతికి పెట్టుకుని మాత్రం తిప్పకండి. కీ పక్కకి వంగి, లోపలి సన్నటి కడ్డీ మీద బరువు పడుతుంది. తీసి తిప్పండి. తారీకు చూపించే వాచీ అయితే రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా తారీకు జోలికి పోకండి. ఆ వేళల్లో తారీకు మార్చే పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

అన్నిటికీ రోజూ ఇవ్వాలా? అక్కర్లేదు. మొదటి ఏడాది నేను ఐదిటికీ రోజూ ఇచ్చేవాణ్ణి. కోఠిలో ఒక మెట్ల కింద ఆరడుగుల కొట్లో వాచీలు బాగుచేసే చాచా విని తిట్టాడు. “పెట్టుకోని వాచీని ఎందుకు పరిగెత్తిస్తున్నవ్ బేటా? బండి ఇంట్ల నిలబెట్టి ఇంజన్ ఆన్ చేసి ఉంచుతవా?” నిజమే. నడుస్తున్నంతసేపూ అరుగుదల ఉంటుంది. ఆ చక్రాల ఇరుసులు తిరిగేది కృత్రిమంగా చేసిన కెంపు రాళ్లలో (‘17 జ్యువెల్స్’ అని రాసేది ఆ రాళ్ల లెక్కే). ఆ రాళ్లలో పెట్టే నూనె చుక్క కంటికి ఆననంత ఉంటుంది. అది ఎండిపోయాక కూడా నడిపిస్తూ ఉంటే ఇరుసు అరిగిపోతుంది. అలాగని ఏళ్ల తరబడి ఆపేస్తే నూనె చిక్కబడిపోతుంది. కాబట్టి నా పద్ధతి ఇది: చేతికి పెట్టుకునేదానికి రోజూ, మిగతావాటికి ఆదివారం ఆదివారం. అయిదారేళ్లకోసారి విప్పి, కడిగి, నూనె. జనతాకి మాత్రం వేరే రూలు ఉంది, అది తర్వాత.

నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. నోమోస్ కొన్న మూడో నెలలో రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పరిగెత్తడం మొదలుపెట్టింది. రెండు లక్షల పైచిలుకు వాచీ! రెండు రాత్రులు నిద్రపట్టలేదు. కంపెనీకి పెద్ద మెయిల్ కూడా రాసి డ్రాఫ్ట్‌లో పెట్టాను, బగ్ రిపోర్టులా, స్టెప్స్ టు రీప్రొడ్యూస్‌తో సహా. పంపేముందు చాచాకి చూపించా. ఆయన వెనక మూత కూడా తియ్యలేదు. సొరుగులోంచి పిల్లలు ఆడుకునే దిక్సూచి తీసి, వాచీని దాని దగ్గరికి తెచ్చాడు. ముల్లు గిర్రున తిరిగింది.

“రాత్రి ఏడ పెడ్తవ్?”

“ల్యాప్‌టాప్ మీద, చాచా.”

ల్యాప్‌టాప్ మూతలో అయస్కాంతాలుంటాయి. ఫోన్ అతుక్కునే వైర్‌లెస్ చార్జర్‌లో ఉంటాయి, బ్లూటూత్ స్పీకర్‌లో ఉంటాయి, బ్యాగ్ బటన్‌లో కూడా ఉంటాయి. హెయిర్‌స్ప్రింగ్‌కి అయస్కాంత గుణం అంటితే దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగ్ పొడవు తగ్గినట్టవుతుంది, ఊగడం వేగమవుతుంది. చాచా ఒక నీలం రంగు డబ్బా మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి, మెల్లగా పైకి లాగాడు. పది సెకన్లు కూడా పట్టలేదు. ఎంత ఇమ్మంటారంటే చాయ్ తాగించమన్నాడు. ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరా ఉంది, కొన్ని వందలకే దొరుకుతుంది. దిక్సూచి కొనక్కర్లేదు, మీ ఫోన్‌లో కంపాస్ యాప్ ఉందిగా. వాచీ పక్కకి తెస్తే ముల్లు ఊగిందా, అయస్కాంతం అంటినట్టే. టిక్‌టిక్ విని రోజుకి ఎన్ని సెకన్ల తేడానో చెప్పే యాప్‌లు కూడా ఉన్నాయి. ఫ్యాన్ ఆపి, ఫోన్ మైక్‌కి వాచీ ఆనించి పెట్టాలి. చాచాకి ఆ యాప్ చూపిస్తే, వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, “కొద్దిగ ముందు నడుస్తది” అన్నాడు. యాప్ ప్లస్ 12 అంది.

ఆయనకి డెబ్భై దాటాయి. కుడి కన్నుకి ఆపరేషన్ అయింది. కొడుకు కెనడాలో ఉన్నాడు, ఈ పని ఎవరూ నేర్చుకోలేదు. నా ఐదు వాచీల అసలు సమస్య కీ కాదు, ఇదీ.

కొత్తగా కొనాలనుకునేవాళ్లకి పైలట్ గురించి ఒక్క మాట. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. 2016 జనవరిలో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని నిర్ణయించింది. అప్పట్నుంచి పాత హెచ్‌ఎంటీలకి గిరాకీ పెరిగింది, దాంతో వేషాలూ పెరిగాయి. పాత మిషన్‌కి కొత్తగా పెయింట్ కొట్టిన నారింజ రంగు డయల్, ఊదా రంగు డయల్ వేసి అమ్ముతారు. కలెక్టర్లు వీటిని ‘ముంబై స్పెషల్’ అంటారు. అక్షరాల అంచులు చూడండి. సిరా పాకినట్టుంటే, యాభై ఏళ్ల వాచీ డయల్ నిన్న కొన్నట్టు మెరుస్తుంటే, అనుమానించండి. నా పైలట్ డయల్ కూడా అలాంటిదేనని కొన్నాక తెలిసింది. మిషన్ మాత్రం అసలుదే, కాబట్టి ఉంచుకున్నా.

ఇప్పుడు జనతా.

తాతయ్య 2009లో పోయారు. నాకు గుర్తున్నది ఒకటే దృశ్యం. పొద్దున రేడియోలో వార్తల ముందు ‘కుయ్ కుయ్’ మని వచ్చే శబ్దానికి ఆయన ముల్లు సర్దుకుని, పంచె కొసతో అద్దం తుడిచి, కీ ఇచ్చేవారు. నాకు ఎన్‌టీపీ సర్వర్ ఎలాగో ఆయనకి ఆకాశవాణి అలాగ. ఆయన పోయాక వాచీ బిస్కెట్ డబ్బాలో పదేళ్లు పైగా పడుంది. నేనే తీసుకొచ్చి చాచాకిచ్చాను. ఆయన మూడు వారాలు తీసుకున్నాడు, పన్నెండు వందలు తీసుకున్నాడు. డయల్ మచ్చలు పోగొట్టమని అడిగితే ఒప్పుకోలేదు. “మచ్చలు ఉండనీ, అవి దీని ఉమర్” అన్నాడు. ఆ రోజు ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టాను, ‘తాతయ్య వారసత్వం’ అని. నాలుగొందల లైకులు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, అమలాపురం దగ్గర మా పల్లెటూరు, నానమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామని వాచీ ఆవిడ చెవి దగ్గర పెట్టాను. మురిసిపోతుందనుకున్నా. తల పక్కకి తిప్పేసుకుంది.

“దాన్నెందుకు లేపావురా మళ్లీ?”

తర్వాత అరిసెల పిండి కలుపుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది. 1970లో వాళ్ల పెళ్లి. మూడోరోజు తాతయ్య అలిగారట. అలక పాన్పు మీద కూర్చుని వాచీ ఇస్తేగాని భోజనానికి లేవనన్నారు. అది ఆచారం, అందరూ నవ్వారు. ఆయన మాత్రం నిజంగానే లేవలేదు. నానమ్మ వాళ్ల నాన్న మర్నాడు పాడిగేదెని అమ్మి రాజమండ్రి వెళ్లాడు. ఆ రోజుల్లో హెచ్‌ఎంటీ అడగ్గానే దొరికే వస్తువు కాదు. ఎవరి దగ్గరో ఎక్కువిచ్చి కొని, జేబురుమాల్లో చుట్టి తెచ్చాడు.

“మా నాన్నకి గడియారంలో టైమ్ చూడ్డం రాదురా. కానీ కీ ఎలా ఇవ్వాలో కొట్టువాణ్ణడిగి నేర్చుకొచ్చాడు. అల్లుడిగారికి చూపించాలి గదా. ఆ ఏడాదంతా మా తమ్ముళ్లు పక్కింటి మజ్జిగే తాగారు.”

“మరి నువ్వు ఎప్పుడైనా పెట్టుకున్నావా నానమ్మా?”

“ముట్టుకోనిస్తేగా.”

ఆ రాత్రి నాకు ఇంకో పని ఉంది. మాఘమాసంలో నా నిశ్చితార్థం. కాబోయే మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. పండక్కి రెండ్రోజుల ముందు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: ‘బాబూ, తాంబూలాలప్పుడు మీకు వాచీ పెట్టాలనుకుంటున్నాము. మీకు వాచీలంటే ఇష్టమని అమ్మాయి చెప్పింది. ఏది కావాలో మొహమాటపడకుండా లింకు పంపండి.’ నేను మొహమాటపడలేదు. లింకు పేస్ట్ చేసి, ‘ఇంత అవసరం లేదు అంకుల్, ఊరికే చూడండి’ అని మర్యాదగా టైప్ చేసి, పంపకుండా ఉంచాను. ఆ వాచీ ధర ఆరు లక్షల పైన. నేను ఎవరి దగ్గరా ఏమీ అడగలేదు, వాళ్లే అడిగారు కదా అనుకున్నాను. తాతయ్య కూడా అలాగే అనుకుని ఉంటారు. ఆచారమే కదా.

ఆ మెసేజ్ తీసేశాను. దాని బదులు ‘వాచీ వద్దు అంకుల్, ఉన్నవాటికే కీ ఇవ్వలేకపోతున్నా’ అని పెట్టాను. ఆయనకి అర్థం కాలేదు. ఏమైనా తప్పు మాట్లాడామా అని అమ్మాయిని అడిగారట. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. గేదె సంగతి మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “లింకు నిజంగా పేస్ట్ చేశావా?” అని మాత్రం అడిగింది. చేశానన్నాను. ఆ విషయం మా మధ్య ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. మామగారు కూడా ఏదో ఒకటి పెట్టకపోతే బాగోదని పట్టు మీదే ఉన్నారు.

మర్నాడు పొద్దున నానమ్మ దగ్గర కూర్చుని అన్నాను, “దీన్ని మళ్లీ డబ్బాలో పెట్టేస్తాలే. ఆగిపోనీ.”

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “గేదెనిచ్చి కొన్నది, ఆపుతావా? ఆగితే ఎవరికిరా నష్టం? తాత వాచీ, తాత వాచీ అని ఊరంతా చెప్పడం మానెయ్యి చాలు. అది మా నాన్నది. ఇలా ఇయ్యి.”

జనతా కీ చాలా చిన్నది. ఆవిడ వేళ్ల కీళ్లు వాచి ఉన్నాయి, పట్టు దొరకలేదు. వాచీని నేను పట్టుకున్నాను, ఆవిడ తిప్పింది. యాభై నాలుగేళ్ల కాపురంలో... కాదు, లెక్క తప్పు, తాతయ్య పోయేనాటికి ముప్ఫై తొమ్మిదేళ్లు. ఆ ముప్ఫై తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తిప్పని కీ. ప్రతి తిప్పుకీ ఆగి “ఇంకానా?” అని అడిగింది. వేలికి గట్టిగా తగిలేదాకా అన్నాను. తగిలాక చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు ఉంచుకుని, మళ్లీ నాకే ఇచ్చేసింది. నీ దగ్గరే ఉంచుకో అంటే, “నాకెందుకు, గోడ గడియారం ఉందిగా” అంది.

అందుకే జనతాకి ఆదివారం రూలు లేదు. చేతికి ఏది పెట్టుకున్నా దానికి మాత్రం రోజూ కీ ఇస్తాను. చాచా తిడితే తిట్టనీ. ఇన్‌స్టా పోస్టు కింద రాతను మార్చాను. ఎవరూ గమనించలేదు, పాత పోస్టు కదా.

ఆదివారం స్టాండప్ అవుతుండగానే నానమ్మ వీడియో కాల్ వస్తుంది. మోకాళ్లు, వాన, పెళ్లి మాటలు అన్నీ అయ్యాక అడుగుతుంది, “మా నాన్న వాచీలో టైమెంతైంది?” పోయిన వారం ఏడూ ఇరవై అని చెప్పాను.

“ఇక్కడ ఏడూ ఇరవై రెండు,” అంది, గోడ వైపు చూసి. “కాస్త ముందుకి తిప్పు.”